పెళ్ళికూతురు రాయైన ఊరు.. మా పొలంలో రాకాసి గుళ్ళు

విల్డెస్‌హౌజెన్ అనే ఊరి పేరు మీరు విని ఉండరు. బ్రెమెన్‌లో నాతో చదువుకునే తెలుగువాళ్ళలో కూడా సగం మంది వినలేదు. వీకెండ్ వస్తే హాంబర్గ్ పోదామా, ఆమ్‌స్టర్‌డామ్ పోదామా అని లెక్కలేసుకుంటాం తప్ప, లోకల్ ట్రైన్‌లో ముప్పావుగంట దూరంలో ఉన్న ఈ చిన్న టౌన్‌లో దిగుదామని ఎవరికీ తోచదు. ఇరవై వేల జనాభా, ఒక మార్కెట్ వీధి, ఒక పాత చర్చి, పక్కనుంచి నిదానంగా పారే హుంటె నది. పైపైన చూస్తే అంతే.

కానీ ఈ టౌన్ నుంచి సైకిల్ మీద ఏ దిక్కుకు తొక్కినా కాలం వెనక్కి వెళ్తుంది. పొలాల మధ్య, చెట్ల నీడన 5000 ఏళ్ళ నాటి రాతి సమాధులు కనిపిస్తాయి. ఈజిప్టులో గ్రేట్ పిరమిడ్ కట్టకముందే ఇక్కడి రైతులు ఈ బండల్ని లాక్కొచ్చి నిలబెట్టారు. వాటికి టికెట్ లేదు, గేటు లేదు, సెక్యూరిటీ లేదు. ఒక బోర్డు, ఒక బెంచీ, చుట్టూ ఓక్ చెట్లు. అంతే.

ఇన్‌స్టా కోసం వెళ్ళేవాళ్ళకు బాగుంటుంది. నేను మాత్రం వేరే పని మీద వెళ్ళాను. నాన్నకు ఒక జవాబు చెప్పాల్సి ఉంది.

పది గుంటల లెక్క

మాది సిద్దిపేట జిల్లాలో ఒక పల్లె. నాన్న మక్కజొన్న, పత్తి వేస్తాడు. మా పొలంలో ఒక మూలన పెద్ద పెద్ద గుండ్లు వలయంగా పేర్చినట్టు ఉంటాయి. మధ్యలో ఒక పలక రాయి, సగం మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. ఊళ్ళో వాటిని రాకాసి గుళ్ళు అంటారు. రాకాసులు కట్టుకున్నారని కొందరు, పాండవులు అరణ్యవాసంలో ఉండి పోయారని కొందరు. చిన్నప్పుడు మాకవి డైనింగ్ టేబుల్. పత్తి ఏరేటప్పుడు సద్ది మూట విప్పేది ఆ పలక మీదే. తాత నాగలి ఆ రాళ్ళ దాకా వచ్చి మలుపు తిరిగేది. నాన్న ట్రాక్టర్ కూడా అక్కడే తిరుగుతుంది.

నేను జర్మనీ రావాలంటే బ్లాక్డ్ అకౌంట్ చూపించాలి. ఇప్పుడైతే ఏడాదికి 11,904 యూరోలు. మన డబ్బుల్లో పది లక్షల పైమాటే. చదువుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ ఈ నంబర్ పుట్టినరోజు కంటే బాగా గుర్తుంటుంది. నాన్న దానికోసం అప్పు తెచ్చాడు. వడ్డీ నెలనెలా నడుస్తోంది.

ఆగస్టు చివర్లో ఒక శుక్రవారం రాత్రి ఫోన్ చేశాడు.

"బిడ్డా, రాళ్ళ దిక్కు ఎకరం అమ్ముదామనుకుంటున్న. కొనేటోడు వచ్చి చూసి పోయిండు. రాళ్ళున్న పది గుంటలకు పైస ఇయ్యనంటుండు. జేసీబీ పెట్టి ఏరిపిస్తే మొత్తం ఎకరానికి లెక్క కట్టిస్తనంటుండు. నువ్వేమంటవ్?"

పది గుంటలంటే పావు ఎకరం. మా దగ్గర ఇప్పుడున్న ధరలకు లక్షల్లో మాట. అప్పులో పెద్ద ముక్కే తీరుతుంది. నాన్న నన్ను అడగడానికి కారణం కూడా అదే. అప్పు నా పేరు మీద లేదు గానీ నా కోసమే తెచ్చింది.

"రెండు రోజులాగి చెప్తా నాన్నా" అన్నాను.

ఆ రాత్రి పొలంలో రాళ్ళ వలయాల గురించి ఫోన్‌లో వెతుకుతుంటే, నేనుండే చోటికి దగ్గర్లోనే అలాంటివి ఉన్నాయని మ్యాప్ చూపించింది. ఒస్నాబ్రూక్ నుంచి ఓల్డెన్‌బుర్గ్ దాకా 300 కిలోమీటర్లకు పైగా సాగే ఒక రూటే ఉంది. దాని పేరు "మెగాలిథిక్ సంస్కృతి దారి". 33 చోట్ల ఆగి చూడొచ్చు. అందులో ఒక గుంపు విల్డెస్‌హౌజెన్ చుట్టూ ఉంది. వాళ్ళ పొలాల్లో ఈ రాళ్ళను వాళ్ళు ఏం చేసుకున్నారో చూద్దామనిపించింది. ఆదివారం పొద్దున్నే సెకండ్ హ్యాండ్ సైకిల్‌తో ట్రైన్ ఎక్కాను. మా రూమ్మేట్‌ది గుంటూరు. "రాళ్ళు చూట్టానికి ట్రైనెక్కి వెళ్ళటం ఏంటే" అంటూనే తనూ సైకిల్ తీసింది. మీరూ వెళ్తే గుర్తుంచుకోండి, డాయిచ్‌లాండ్ టికెట్ మనకే చెల్లుతుంది, సైకిల్‌కి వేరే టికెట్ కొనాలి.

ట్రైన్ దిగితే..

టౌన్ మధ్యలో మార్కెట్ స్క్వేర్. అక్కడ పాత టౌన్ హాల్ ఉంది. ముందు గోడ పైభాగం మెట్లు మెట్లుగా కట్టి ఉంటుంది, గోథిక్ కాలపు పద్ధతి. 1270లో ఈ ఊరికి పట్టణ హోదా ఇచ్చారు. ఇక్కడి గిల్డ్ 1403 నాటిది. ప్రతి ఏటా పెంటెకోస్ట్ పండగ వారంలో ఊరంతా కోట్లు, టోపీలు వేసుకుని కవాతు చేసి, గురి చూసి కాల్చే పోటీలు పెట్టుకుంటారు. మన ఊళ్ళో బోనాలకు, బతుకమ్మకు ఉద్యోగాలు చేసే పిల్లలు సెలవు పెట్టుకుని వచ్చినట్టు, ఆ వారం కోసం బయట ఊళ్ళ నుంచి వస్తారని బేకరీలో బ్రెడ్ ఇచ్చిన పెద్దావిడ చెప్పింది.

రెండు అడుగులేస్తే అలెగ్జాండర్ చర్చి. మన పాఠాల్లో చదివిన అలెగ్జాండర్ కాదు, రోమ్‌లో ప్రాణాలు ఇచ్చిన ఒక క్రైస్తవ సెయింట్. కథ మాత్రం ఆసక్తిగా ఉంటుంది. 8వ శతాబ్దంలో ఫ్రాంకుల రాజు షార్లమేన్ ఈ సాక్సన్ నేల మీదికి దండెత్తాడు. సాక్సన్ నాయకుడు విడుకిండ్ ఏళ్ళ తరబడి ఎదురు తిరిగి, చివరికి 785లో లొంగి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన మనవడు వాల్ట్‌బర్ట్ 851లో రోమ్ నుంచి ఆ సెయింట్ అస్థికలను ఇక్కడికి తెచ్చాడు. తాత ఎవరి మతాన్ని ఎదిరించి కత్తి దూశాడో, ఆ మతం కోసమే మనవడు ఆల్ప్స్ దాటి రోమ్ దాకా వెళ్ళొచ్చాడు. ఇప్పుడు నిలబడి ఉన్న చర్చి 13వ శతాబ్దానిది. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది.

మా రూమ్మేట్ ఫోన్‌లో టైమ్ చూసుకుంది. "1200 ఏళ్ళ కథ అయిపోయింది, ఇంకా పదకొండే. తర్వాతేంటి?"

తర్వాతది అంతకు రెట్టింపు పాతది.

500 గుట్టలు, కొన్ని గొర్రెలు

టౌన్ నుంచి దక్షిణంగా రెండు మూడు కిలోమీటర్లు తొక్కితే పెస్ట్రుప్ వస్తుంది. చెట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఎదురుగా 39 హెక్టార్ల మైదానం. మన లెక్కలో 96 ఎకరాలు. దాని నిండా చిన్న చిన్న మట్టి గుట్టలు, ఆకుపచ్చ నేల మీద బుడగలు లేచినట్టు. 500కు పైగా ఉన్నాయి. కంచు యుగం చివర నుంచి ఇనుప యుగం దాకా, అంటే సుమారు క్రీ.పూ. 900 నుంచి 200 వరకు చుట్టుపక్కల వాళ్ళు తమ మృతులకు ఇక్కడే చోటిచ్చారు. ఉత్తర యూరప్‌లో మిగిలిన ఇలాంటి శ్మశానాల్లో ఇదే అతి పెద్దవాటిలో ఒకటి.

బోర్డు చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగాను. ఇక్కడి వాళ్ళు శవాన్ని పూడ్చలేదు. చితి పేర్చి దహనం చేసి, మిగిలిన ఎముకల మీద మట్టి పోసి గుట్ట కట్టారు. జర్మనీకి వచ్చాక ఇక్కడి శ్మశానాలు చూసి, వీళ్ళదంతా పూడ్చే పద్ధతే అనుకునేదాన్ని. ఒకప్పుడు ఈ నేల మీద కూడా చితులు మండాయి, మూడో రోజు చల్లారిన బూడిదలో ఎముకలు ఏరిన చేతులున్నాయి. మా తాతకు అస్థి సంచయనం చేసినప్పుడు నాన్న వంగి ఏరడం గుర్తొచ్చింది. కాసేపు బెంచీ మీద కూర్చున్నాం.

ఆగస్టు చివర కాబట్టి మైదానమంతా ఊదా రంగు పూలు. హైడె అంటారు ఈ పొదను, మోకాలి ఎత్తు కూడా ఉండదు. ఫొటోలకు ఇంతకంటే మంచి టైమ్ ఉండదు. మేం కూడా పది ఇరవై తీసుకున్నాం, అబద్ధం ఎందుకు.

కుక్కను తిప్పుతూ ఒక పెద్దాయన వచ్చాడు. "మొయిన్" అన్నాడు. ఈ ప్రాంతంలో పొద్దున్నైనా సాయంత్రమైనా పలకరింపు ఒక్కటే. ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. నా వచ్చీరాని జర్మన్‌లో మా పొలంలో కూడా ఇలాంటి పాత రాళ్ళున్నాయని చెప్పాను. ఆయన ఆగి, గుట్టల వైపు చెయ్యి చూపించి, "ఇది సహజంగా ఇలా ఉందనుకుంటున్నారా?" అన్నాడు.

ఉందనే అనుకున్నాను.

"వదిలేస్తే ముందు బిర్చ్ మొక్కలు, ఆ తర్వాత పైన్ చెట్లు వస్తాయి. మనవళ్ళ కాలానికి ఇదంతా అడవి. గుట్టలు వేళ్ళ కింద పోతాయి. వీటిని కాపాడేది మ్యూజియం కాదు, గొర్రెలు."

దూరంగా అవి కనిపించాయి. హైడ్‌ష్నుకె అనే జాతి. బూడిద రంగు ఒళ్ళు, నల్ల మొహం, మెలి తిరిగిన కొమ్ములు. మొలిచిన చెట్టు పిల్లను మొలిచినట్టే కొరికేస్తాయి. అందుకే చెట్టు రాదు, పొద బతుకుతుంది, గుట్ట కనిపిస్తుంది. వేల ఏళ్ళుగా ఇక్కడ ఎవరో ఒకరు గొర్రెలు మేపుతూ వచ్చారు కాబట్టే ఇంత మిగిలింది. ఇప్పుడు మందను తోలేది ఈ మైదానాన్ని ఇలాగే ఉంచడానికి. పని మాత్రం అదే, గొర్రెలు మేయడం.

మా దగ్గర కూడా ఆ రాళ్ళ మధ్య మేసేది కురుమల మందలే. తుమ్మ మొక్కలు ఆ వలయంలో ఎప్పుడూ ఎదగకపోవడం చూశాను గానీ ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. మూడు వేల ఏళ్ళ నాటి సమాధికి కాపలా గొర్రెలు అని ఎవరికి తోస్తుంది?

రాకాసులు ఇక్కడా ఉన్నారు

అక్కడి నుంచి ఇంకొంచెం దూరంలో క్లైనెన్‌క్నేటెన్ అనే పల్లె. పొలాల మధ్య పక్కపక్కనే రెండు రాతి సమాధులు. ఇవి పెస్ట్రుప్ గుట్టల కంటే మరో రెండు వేల ఏళ్ళకు పైగా పాతవి. క్రీ.పూ. 3500 నుంచి 2800 మధ్య ఈ ప్రాంతంలో తొలిసారి వ్యవసాయం చేసిన మనుషుల పని. వాళ్ళు చేసిన కుండల మెడ గరాటులా ఉంటుంది కాబట్టి పురావస్తు శాస్త్రవేత్తలు వాళ్ళది "గరాటు పాత్రల సంస్కృతి" అని పేరు పెట్టారు.

రాళ్ళు ఇక్కడివి కావు. మంచు యుగంలో స్కాండినేవియా నుంచి జారిన మంచు పలకలు గ్రానైట్ గుండ్లను ఈడ్చుకొచ్చి ఈ ఇసుక నేలలో వదిలేసి కరిగిపోయాయి. రైతులు వాటిని దుంగల మీద దొర్లించి, తాళ్ళతో లాగి నిలబెట్టారు. పక్క గోడలకు రాళ్ళు, పైన మూతరాయి. టన్నుల బరువున్న మూతరాయి. ఎత్తడానికి ఊరు ఊరంతా కదిలి ఉంటుంది.

1930ల్లో ఇక్కడ తవ్వకాలు జరిపారు. ఆ తర్వాత మొదటి సమాధిని అసలు కట్టినప్పుడు ఎలా ఉండేదో అలా తిరిగి నిలబెట్టారు. సుమారు 50 మీటర్ల పొడవు, చుట్టూ రాళ్ళ వరస, మధ్యలో గడ్డి మొలిచిన మట్టి దిబ్బ, ఒక పక్క చిన్న ద్వారం. వంగి లోపలికి చూస్తే రాతి గది. చల్లటి మట్టి వాసన. రెండోదాన్ని మాత్రం అలా కప్పలేదు. మట్టి పోయి, బండలు బయటపడి, అందులో మూడు గదులు కనిపిస్తాయి. ఒక దాన్ని చూస్తే కట్టినవాళ్ళ కాలం తెలుస్తుంది. పక్కదాన్ని చూస్తే ఆ తర్వాత గడిచిన 5000 ఏళ్ళు తెలుస్తాయి.

బోర్డు మీద ఒక పదం పదే పదే కనిపించింది. హ్యూనెన్‌గ్రాబ్. ఫోన్‌లో చూశాను. హ్యూనె అంటే మహాకాయుడు, గ్రాబ్ అంటే సమాధి. ఇంత పెద్ద బండల్ని మామూలు మనుషులు ఎత్తలేరు కాబట్టి రాకాసులే పెట్టి ఉంటారని ఇక్కడి పల్లె జనం అనుకున్నారు. ఆ పేరే స్థిరపడింది.

అక్కడే నవ్వొచ్చింది. రాకాసి గుళ్ళు!

జర్మన్ రైతుకు, సిద్దిపేట రైతుకు మధ్య ఏ పరిచయమూ లేదు. కట్టిన కాలాలు కూడా వేరు. వీళ్ళవి కొత్త రాతియుగానివి, మన తెలంగాణ సమాధులు ఎక్కువగా ఇనుప యుగానివి, సుమారు మూడు వేల ఏళ్ళ నాటివి. వాళ్ళను చూసి మనం నేర్చుకున్నదీ లేదు, మనల్ని చూసి వాళ్ళు నేర్చుకున్నదీ లేదు. కానీ పొలంలో పెద్ద బండ కనపడగానే ఇద్దరి తాతలకూ ఒకటే ఊహ వచ్చింది. మా దగ్గర నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు ఒక సమాధి మీది మూతరాయిని ఎత్తడానికి క్రేన్ తెప్పించాల్సి వచ్చింది. క్రేన్ ఎత్తిన రాయిని ఒకప్పుడు మనుషులు పెట్టారంటే రాకాసులే అనుకోవడంలో తప్పేముంది?

పెళ్ళి ఊరేగింపు ఆగిపోయిన చోటు

చుట్టుపక్కల అన్నింటికంటే పేరున్నవి రెండు. విస్బెక్ పెళ్ళికూతురు, విస్బెక్ పెళ్ళికొడుకు. నిజంగానే వాటి పేర్లవి. పెళ్ళికూతురు 80 మీటర్ల పొడవు, పెళ్ళికొడుకు 100 మీటర్లు దాటుతాడు. ఇద్దరి మధ్యా నాలుగు కిలోమీటర్ల దూరం.

కథ రకరకాలుగా చెబుతారు గానీ సారం ఇది. ఒక పేద ఇంటి అమ్మాయి ఒక గొర్రెల కాపరిని ఇష్టపడింది. తండ్రి ఒక ధనవంతుడైన రైతు కొడుకుకు మాటిచ్చాడు. ఏడ్చినా వినలేదు. పెళ్ళిరోజు బంధువులంతా ఊరేగింపుగా చర్చికి బయల్దేరారు. దూరంగా విస్బెక్ చర్చి గోపురం కనపడగానే ఆమె ఆగి, ఇష్టం లేనివాడి భార్య కావడం కంటే రాయి కావడమే నయం అని దేవుణ్ణి వేడుకుంది. అంతే. ఆమె రాయైంది, వెంట వచ్చినవాళ్ళు రాళ్ళయ్యారు. అవతలి దారిలో వస్తున్న పెళ్ళికొడుకు, అతని బంధువులు కూడా నిలబడ్డచోటే బిగుసుకుపోయారు.

అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పొడవాటి దీర్ఘచతురస్రం, రెండు వరసల్లో బండలు. ఒక చివరవి ఎత్తుగా ఉంటాయి. మట్టి దిబ్బ ఎప్పుడో కొట్టుకుపోయింది. నిజంగానే నడుస్తూ నడుస్తూ నిలిచిపోయిన మనుషుల వరసలాగే ఉంది. చెట్ల అవతల నుంచి A1 మోటార్‌వే మీద లారీల హోరు.

మా రూమ్మేట్‌కి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. కథంతా విని, "మా ఇంట్లోనైతే రాయైనా సరే, ముహూర్తం టైమ్‌కి మంటపంలో పెట్టేస్తారు" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. తర్వాత తను చాలాసేపు మాట్లాడలేదు.

మన అహల్య కూడా రాయైంది. అయితే అది భర్త పెట్టిన శాపం. ఒకరు వచ్చి పాదం మోపేదాకా ఎదురుచూడాలి. ఇక్కడి అమ్మాయి తనే అడిగి రాయైంది, ఆమెను తిరిగి మనిషిని చేయడానికి ఎవరూ రాలేదు. అసలు సమాధి కట్టినవాళ్ళకు ఈ కథతో సంబంధం లేదు. వాళ్ళ కాలానికి చర్చీ లేదు, గోపురమూ లేదు. ఎన్నో వేల ఏళ్ళ తర్వాత అసలు సంగతి మరిచిపోయినవాళ్ళు తమ ఇళ్ళలో జరిగే బాధను తెచ్చి ఆ రాళ్ళకు చుట్టారు. రాయి పాతదే, ఏడుపు ఎప్పటికప్పుడు కొత్తది.

మిగలని రాళ్ళ సంగతి

ఇదంతా చదివి, జర్మన్లు మహా జాగ్రత్తపరులు, మనమే ఇంతే అని అనుకోకండి. వీళ్ళూ పగలగొట్టారు. బాగా పగలగొట్టారు.

ఉత్తర జర్మనీలో ఒకప్పుడు ఇలాంటివి వేలల్లో ఉండేవి. చర్చి గోడలకు, ఇంటి పునాదులకు, రోడ్లకు కంకరగా చాలావరకు పోయాయి. 1730ల్లో ఇంకో గండం వచ్చింది. ఉత్తర సముద్రపు తీరంలో అలలను ఆపే కట్టలకు చెక్క దుంగలు వాడేవారు. షిప్‌వర్మ్ అనే చిన్న సముద్రజీవి వాటిని లోపల్నుంచి తొలిచేసింది. దుంగల బదులు రాయి కావాల్సి వచ్చింది. తీరమంతా మట్టి, ఇసుకే కాబట్టి రాయికి గిరాకీ పెరిగింది. పొలాల్లో ఉన్న రాకాసి గుండ్లకు రేటు వచ్చింది. అమ్మినవాళ్ళు అమ్మారు. నెదర్లాండ్స్‌లోని డ్రెంతె ప్రాంతంలో పరిస్థితి ఎంతదాకా వచ్చిందంటే, 1734లో ఈ సమాధుల రాళ్ళు ముట్టుకోవద్దని ప్రత్యేకంగా ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది.

అంటే మూడు వందల ఏళ్ళ కింద ఇక్కడి రైతు ముందు కూడా మా నాన్న ముందున్న లెక్కే ఉంది. రాయి తీస్తే ఇంత, ఉంచితే సున్నా. చాలామంది తీసేశారు. ఈ రోజు మేం చూసినవి, ఏదో ఒక కారణంగా ఎవరో తీయకుండా వదిలేసినవి. భయమో, భక్తో, బద్ధకమో, బరువో తెలీదు. వదిలేసిన ఆ మనిషి పేరు మాత్రం ఏ బోర్డు మీదా లేదు.

సాయంత్రం ట్రైన్‌లో కూర్చున్నాక కాళ్ళు లాగేస్తున్నాయి. ముప్పై కిలోమీటర్లు దాటి తొక్కాం. నాన్నకు ఒక్కో ఫొటో పంపాను. గొర్రెలవి, మట్టి దిబ్బవి, మూడు గదులవి, పెళ్ళికూతురివి.

"మనకెవరిస్తరు?"

రాత్రి నాన్నే చేశాడు.

"గా గొర్రెలు మంచిగున్నయ్. ఒక్కోటి ఎంతుంటది?"

నాకు తెలీదన్నాను.

"రాళ్ళు గూడ మన తీరుగనే ఉన్నయ్ గదా."

"అవును నాన్నా. వాటిని రాకాసుల సమాధులే అంటరు ఇక్కడ కూడా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అసలు ప్రశ్న అడిగాడు.

"మరి అక్కడ, పొలంల ఇసొంటి రాళ్ళున్న రైతుకు సర్కారు పైసలిస్తదా? భూమి పోయినట్టే గదా వానికి. మనకెవరిస్తరు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. చట్టాలున్నాయి, శాఖలున్నాయి, కానీ మా పది గుంటలకు వచ్చే నెల వడ్డీ ఎవరు కడతారన్నదానికి అవి జవాబు కాదు. వారసత్వ సంపద, జాతి గౌరవం లాంటి మాటలు ఎకరంన్నర పత్తి ఎండిపోయిన మనిషికి ఫోన్‌లో చెప్పాలంటే నోరు రాలేదు.

అందుకే లెక్క మాట్లాడాను. వారానికి ఇరవై గంటల దాకా పార్ట్ టైమ్ పని చేస్తున్నాను. నెలకు కొంత పంపితే, పది గుంటలకు వచ్చే డబ్బు ఏడాదిన్నర, రెండేళ్ళలో పూడుతుంది. కాగితం మీద వేసి చూసుకున్న లెక్కే చెప్పాను.

"నీ పైసలు నువ్వు తిను బిడ్డా. సక్కగ తింటున్నవో లేదో, మీ అమ్మ రోజూ అదే రంది" అన్నాడు.

"తింటున్నా నాన్నా. తాత ఎట్ల మలుపుకునేటోడు నాగలి అక్కడ?"

"ఎట్లంటే.. ఎడ్లకు చెప్పే పనే లేకుండే. వాటికే ఎరుక. రాయి రాంగనే మలుపుకునేటివి."

పెట్టేసే ముందు ఇంకో మాటన్నాడు. "మా నాయిన నాకు పొలం ఇచ్చినప్పుడు గా రాళ్ళు తియ్యమనలే, ఉంచమనలే. ఏమనలే."

పది రోజుల తర్వాత అమ్మ ఫోన్ చేసి సంగతి చెప్పింది. నాన్న ముప్పై గుంటలే అమ్మాడు. కొన్నాయన కాస్త రేటు తగ్గించాడట. రాళ్ళున్న పది గుంటలు మా పట్టాలోనే ఉన్నాయి. అప్పు ఇంకా కొంత మిగిలింది. నెలనెలా నేను పంపుతున్నాను, నాన్న వద్దంటూనే కడుతున్నాడు. బయట తినడం తగ్గింది, ఆమ్‌స్టర్‌డామ్ ట్రిప్ వచ్చే ఏడాదికి పోయింది. మా ఇంట్లో ఈ నిర్ణయం ఉచితంగా రాలేదు. ఎవరింట్లోనూ రాదు. విల్డెస్‌హౌజెన్ పొలాల్లో కూడా ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో కొంత నష్టం వచ్చే ఉంటుంది, దాని వల్లే నాకు ఆదివారం పూట చూడ్డానికి ఏదో మిగిలింది.

మీ ఊళ్ళో చూడండి

తెలంగాణలో ఇలాంటివి లెక్కకు మించి ఉన్నాయి. ములుగు జిల్లా దామరవాయి గుట్టల మీద రాతి పలకల గదులు వరసగా ఉంటాయి. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున మనిషికి రెండింతల ఎత్తున్న నిలువురాళ్ళు పాతి ఉన్నాయి. అవి 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఇవి పేరున్నవి. పేరు లేనివి మీ మామయ్య వాళ్ళ చేను పక్కనో, చెరువు కట్ట కిందో ఉండే ఉంటాయి.

ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఓ గంట కేటాయించండి. ముందు ఊళ్ళో పెద్దవాళ్ళను ఆ చోటు పేరు అడగండి. రాకాసి గుళ్ళు, పాండవుల గుళ్ళు, నిలువురాళ్ళు.. ఏదో ఒకటి చెబుతారు. పేరుతో పాటు కథ ఉంటే రికార్డు చేసుకోండి, ఆ కథ వాళ్ళతోనే పోతుంది. ఫొటో తీసేటప్పుడు రాయి పక్కన మనిషినో, చేతి కర్రనో నిలబెట్టండి, సైజు తెలుస్తుంది. లొకేషన్ సేవ్ చేసి పురావస్తు శాఖ వాళ్ళకు పంపండి. రీల్ పెట్టే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. లంకెబిందెల కోసం రాత్రిళ్ళు తవ్వేవాళ్ళు కూడా ఫోన్లు చూస్తారు. కింద దొరికేది ఎముకలు, కుండ పెంకులు, తుప్పు పట్టిన ఇనుము. బంగారం ఉంటే మా తాత ఎప్పుడో ట్రాక్టర్ కొనేవాడు.

అక్కడ చెప్పులు విప్పక్కర్లేదు, కొబ్బరికాయ కొట్టక్కర్లేదు. తవ్వకపోతే చాలు.